పందుల కాపలాకు ఏ తుపాకీ?

మొన్న ఒంగోలులో సంఘం సమావేశం అయిపోయాక టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. గిద్దలూరు వైపు రైతు, అరవై దాటాయి. ఆయన మొక్కజొన్న చేలో పందులు పడి ఒక్క రాత్రిలో సగం తొక్కేశాయి. "తమ్ముడూ, తుపాకీ లైసెన్సు పెట్టుకుందామనుకుంటున్నా. నాకు భుజం నొప్పి. బరువు తక్కువుండి, వెనక్కి తన్నని తుపాకీ ఏదన్నా ఉంటే చెప్పు" అన్నాడు. ఈ మాట అడిగింది ఆయనొక్కడే కాదు. అందుకే నాకు తెలిసింది నలుగురికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు తుపాకీ సంగతి. బరువు తక్కువ, తన్ను తక్కువ అనే రెండు కోరికలూ ఒకచోట కుదరడం కష్టం. ఒకే తూటా పేల్చినప్పుడు తుపాకీ ఎంత తేలికైతే భుజాన్ని అంత గట్టిగా తంతుంది. తన్ను తగ్గాలంటే తూటా చిన్నదవ్వాలి. పాయింట్ 22 రైఫిల్ ఎవరైనా పేల్చగలరు. కానీ దాంతో పంది అక్కడికక్కడే పడడం అరుదు, గాయపడి పోతుంది. గాయపడ్డ పంది చీకట్లో ఎదురైతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అమెరికాలో టెక్సాస్‌లో ఉన్న మా బంధువుల కుర్రాడిని ఫోన్‌లో అడిగితే, "పాయింట్ 243 తీసుకో మామయ్యా, తన్ను తక్కువ" అన్నాడు. అక్కడికి అది సరిపోతుంది. అక్కడ ఊరపందులే అడవి పట్టి పంటలకు తెగులులా తయారయ్యాయి. 2019 నుంచి భూయజమాని ఒప్పుకుంటే వాటిని కాల్చడానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. మన దగ్గర అలా కాదు. రైఫిల్ గుండు గురి తప్పితే రెండు మూడు కిలోమీటర్లు పోగలదు. మన నేల చదరం. ఈ చేలో మనముంటే, పక్క చేలో మంచె మీద ఇంకొకరుంటారు. అవతల గొర్రెల మంద పడుకుని ఉంటుంది. తెల్లవారకముందే మిరప కోతకు ఆడకూలీలు బయల్దేరతారు. ఆ గుండు ఎవరికి తగులుతుందో ఎవరు చెప్పగలరు?

చట్టం కూడా పంట కాపలాకు రైఫిల్ దారి చూపించదు. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ ప్రకారం పంట రక్షణకు ఇచ్చేది మందు కూరి పేల్చే తుపాకీ. అది చాలదని లైసెన్సు ఇచ్చే అధికారి ఒప్పుకుంటే, 20 అంగుళాలకు తగ్గని నున్న గొట్టం తుపాకీ ఇవ్వొచ్చు. మనం పన్నెండు బోరు అనేది ఆ రకమే. ఒంటి గొట్టందైనా మూడు కిలోల దరిదాపుల్లో ఉంటుంది, బాగానే తంతుంది. మడమకు రబ్బరు మెత్త వేసి, భుజానికి గట్టిగా అదిమి పట్టుకుంటే కొంత నయం. అంతకు మించి చిట్కా లేదు.

ఇక అసలు చిక్కు. తుపాకీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని చంపే హక్కు రాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో అడవిపంది మొదట మూడో షెడ్యూల్లో ఉండేది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో రెండో షెడ్యూల్లోకి మారింది. పంటకు ప్రమాదమైన జంతువును చంపాలంటే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. అనుమతితో చంపినా ఆ కళేబరం ప్రభుత్వ ఆస్తే. మాంసం ఇంటికి తెచ్చుకుంటే కేసు. ఇవన్నీ దాటి వచ్చాక ఎన్నికలు ప్రకటిస్తే, లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పగించమంటారు. పందులకు ఎన్నికల కోడ్ లేదు కదా!

అనుమతి కాగితం వచ్చేలోపు చేను పోతుంది. అందుకే కొందరు రాత్రిపూట చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్నారు. మా పక్క ఊళ్లో అలాంటి తీగకు ఒక కౌలు రైతు బలయ్యాడు. పందుల కోసం పెట్టింది, నీళ్లు కట్టడానికి పోతున్న మనిషిని పట్టుకుంది. తీగ పెట్టిందీ రైతే, చచ్చిందీ రైతే. ఒక ఇంట్లో పాడె లేచింది, ఇంకో ఇంట్లో మనిషి జైలుకు పోయాడు. రెండు కుటుంబాలూ నాశనమయ్యాయి. దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అరవై ఏళ్ల రైతు అప్పు చేసి తుపాకీ కొని, నొప్పి భుజంతో రాత్రంతా కాపలా కాయడం పరిష్కారం అనిపించుకోదు. ఆ బాధ్యత ప్రభుత్వానిది. కేరళలో 2022 మే నెలలో పంచాయతీ అధ్యక్షులకే గౌరవ వన్యప్రాణి వార్డెన్ హోదా ఇచ్చారు. చేలల్లో పడి నష్టం చేసే పందిని లైసెన్సున్న వాళ్ల చేత కాల్పించే అనుమతి పంచాయతీలోనే దొరికే ఏర్పాటు చేశారు. విషం, కరెంటు, పేలుడు మందు వాడకూడదని షరతు పెట్టారు. మనకూ అలాంటి ఏర్పాటు కావాలి. మండలానికి శిక్షణ పొందిన కొద్దిమంది లైసెన్సుదారుల జాబితా ఉండాలి, అనుమతి రోజుల్లో రావాలి. నల్లమల అడవిలో పందులను చంపమని మనం అడగడం లేదు. అక్కడ అవి పులికి ఆహారం. చేలోకి వచ్చిన వాటి గురించే మన గొడవ.

ఎండిన చెరువుల్లో, వాగు గట్ల మీద పెరిగిన సర్కారు తుమ్మే పందులకు ఇల్లు. దాన్ని ఉపాధి పనుల్లో తీయించమని అడగాలి. బీమా విషయం కూడా వదలొద్దు. అడవి జంతువుల వల్ల జరిగే నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో అదనపు రక్షణగా చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. ఏయే జంతువులో, ఏయే ప్రాంతాలో రాష్ట్రం గుర్తించి ప్రకటించాలి. నష్టం జరిగిన 72 గంటల్లో యాప్‌లో ఫోటోలతో రైతు తెలియజేయాలి. మన రాష్ట్రం ఆ జాబితాలో అడవిపందిని చేర్చేదాకా మనం వెంటపడాలి.

పెద్దాయనకు అదే చెప్పాను. "అన్నా, తుపాకీ సంగతి తర్వాత. ముందు తేదీ, సర్వే నంబరు, పోయిన విస్తీర్ణం రాసి, ఫోటోలు జతచేసి అటవీ రేంజి ఆఫీసులో అర్జీ ఇవ్వు. రశీదు లేకుండా వెనక్కి రావద్దు." మీరూ అలాగే చేయండి. ఒక నకలు సంఘం ఆఫీసుకు పంపండి. ఒక్క అర్జీ అయితే బీరువాలో పడి ఉంటుంది. వంద అర్జీలు పట్టుకుని అందరం కలిసి కలెక్టరు ఆఫీసుకు పోదాం.