మూడొందల యాభై రూపాయల డార్త్ వేడర్: యాక్షన్ ఫిగర్స్ కొనేవాళ్ళకు నా ఆరు సలహాలు

ఈ సైట్‌లో మనం రోజూ ప్రాసెసర్లు, కెమెరాలు, బ్యాటరీ బ్యాకప్ గురించే కొట్టుకుంటాం. ఈసారి ఛార్జింగ్ పెట్టక్కర్లేని, అప్‌డేట్ రాని, హ్యాంగ్ అవ్వని గ్యాడ్జెట్ గురించి మాట్లాడుకుందాం. అదే సైన్స్ ఫిక్షన్ యాక్షన్ ఫిగర్. మీలో చాలామంది మానిటర్ పక్కన ఒకటైనా నిలబడి ఉంటుందని నాకు తెలుసు. సెటప్ ఫోటో తీసే ముందు మీరు దాన్నే కదా ఫ్రేమ్‌లోకి జరిపేది!

నాది పుల్లలచెరువు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగేళ్ళలో పదిహేడు ఫిగర్లు కొన్నా, అంతకు రెట్టింపు తప్పులు చేశా. వాటిలోంచి పుట్టినవే ఈ సలహాలు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: ఫిగర్స్ కొనేవాడికి దాచే జబ్బులు రెండు. బొమ్మను పెట్టెలో దాస్తాడు, ధరను ఇంట్లో దాస్తాడు. నాకు ఆ రెండూ ఒకే రోజు బయటపడ్డాయి. అది కూడా భోగి రోజు.

1. "బొమ్మలు కాదమ్మా" అని వాదించకండి

మనందరికీ ఒక డైలాగ్ అలవాటు. "ఇవి బొమ్మలు కాదు, యాక్షన్ ఫిగర్స్." ఆ మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? 1964లో హాస్‌బ్రో కంపెనీ జీ.ఐ. జో అనే సైనికుడి బొమ్మ తెచ్చింది. బొమ్మ అంటే మగపిల్లలు ముట్టుకోరేమో అని భయపడి దానికి "యాక్షన్ ఫిగర్" అని పేరు పెట్టింది. అంటే మనం గొప్పగా చెప్పుకునే ఆ మాట ఒక మార్కెటింగ్ టీమ్ భయంలోంచి వచ్చింది. ఇంట్లో "బొమ్మలు" అంటే "అవును, బొమ్మలే" అనండి. సగం గొడవ అక్కడే ఆగిపోతుంది.

పైగా ఈ విషయంలో మనవాళ్ళు మనకన్నా సీనియర్లు. సంక్రాంతికి, దసరాకి బొమ్మల కొలువు పెట్టేవాళ్ళను చూడండి. మెట్లు, థీమ్, ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చాలన్న నియమం. కొండపల్లి దశావతారాల సెట్‌లో ఒక్క అవతారం తగ్గినా వాళ్ళకు మనసు కుదరదు. మన జబ్బూ సరిగ్గా అదే కదా!

2. కొనేముందు స్కేల్ చూడండి

ఫోన్ కొనేటప్పుడు అంగుళం తేడాకి పది వీడియోలు చూస్తాం. ఫిగర్ దగ్గరికి వచ్చేసరికి ఫోటో చూసి బుక్ చేసేస్తాం. పార్సిల్ విప్పాక చిటికెన వేలంత ఐరన్ మ్యాన్ బయటికొస్తాడు.

ముఖ్యమైన సైజులు మూడు. ఒకటికి పద్దెనిమిదో వంతు అంటే సుమారు 3.75 అంగుళాలు. 1978లో కెన్నర్ కంపెనీ స్టార్ వార్స్ బొమ్మలతో ఊరూరా పాపులర్ చేసిన సైజు ఇదే. పన్నెండో వంతు అంటే సుమారు 6 అంగుళాలు. హాస్‌బ్రో బ్లాక్ సిరీస్, బాండాయ్ ఎస్.హెచ్. ఫిగ్యువార్ట్స్ దాదాపు ఈ కొలతలోనే ఉంటాయి. ఆరో వంతు అంటే ఒక అడుగు. హాంకాంగ్‌కు చెందిన హాట్ టాయ్స్ వాళ్ళవి ఈ సైజువి. నిజం బట్టలు, నిజం ముఖాలు. ధర చూస్తే మన ముఖం మారుతుంది.

నా సలహా: ఒక స్కేల్ పట్టుకోండి, దాన్నే నమ్ముకోండి. లేకపోతే షెల్ఫ్‌లో స్పైడర్ మ్యాన్ మోకాలి దగ్గర ల్యూక్ స్కైవాకర్ నిలబడి ఏదో అడుక్కుంటున్నట్టు ఉంటుంది.

3. డాలర్‌ని రూపాయల్లోకి మార్చి సంతోషపడకండి

విదేశీ సైట్‌లో కనిపించే ధర ట్రైలర్ మాత్రమే. షిప్పింగ్ ఇంటర్వెల్, కస్టమ్స్ క్లైమాక్స్. మన దేశంలో బొమ్మల దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్‌లో 70 శాతానికి పెరిగింది. సొంతానికి తెప్పించుకునే పార్సిల్ లెక్క వేరే ఉన్నా, ఆ లెక్క కూడా మన వైపు జాలిగా చూడదు. మొత్తం ఖర్చు వేసుకున్నాకే బటన్ నొక్కండి.

ప్రీ ఆర్డర్ అనగానే ఊగిపోయేవాళ్ళకు ఒక పాత కథ. 1977లో స్టార్ వార్స్ సినిమా వచ్చింది. అంత పెద్ద హిట్ అవుతుందని ఎవరూ అనుకోకపోవడంతో క్రిస్మస్‌కి బొమ్మలు తయారు కాలేదు. కెన్నర్ ఏం చేసిందంటే లోపల బొమ్మ లేని అట్ట పెట్టె అమ్మింది. అందులో ఒక సర్టిఫికెట్. అది పోస్టులో పంపిస్తే వచ్చే ఏడాది నాలుగు బొమ్మలు వస్తాయి. జనం కొన్నారు కూడా. ఖాళీ పెట్టెకి డబ్బులు కట్టడంలో మనం మొదటివాళ్ళం కాదని ధైర్యం తెచ్చుకోండి.

4. ఎండని విలన్‌గా గుర్తించండి

మా పడమటి ప్రకాశంలో ఎండాకాలం రేకుల గదిలో పెట్టిన వస్తువుకి వారెంటీ దేవుడు కూడా ఇవ్వడు. ఎక్కువ ఫిగర్లలో ఉండేది పీవీసీ. అది మెత్తగా ఉండటానికి ప్లాస్టిసైజర్ అనే పదార్థం కలుపుతారు. వేడికి అది మెల్లగా పైకి వచ్చి బొమ్మ జిడ్డు జిడ్డుగా తయారవుతుంది. మూసిన పెట్టెలో ఆ జిడ్డు బయటికి పోవడానికి గాలి కూడా ఆడదు. జిడ్డు పడితే గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం సబ్బు చాలు. స్పిరిట్, థిన్నర్ జోలికి పోకండి, రంగు లేచిపోతుంది.

తెల్ల ప్లాస్టిక్ నేరుగా ఎండ తగిలితే పసుపెక్కుతుంది. నా స్టార్మ్ ట్రూపర్ ఒకడు కిటికీ పక్కన కాపలా కాసి కాసి పసుపు కుంకుమలకు సిద్ధమైన పెళ్ళికొడుకులా తయారయ్యాడు. లైట్లు వెలిగే బొమ్మల్లో వాడనప్పుడు బ్యాటరీలు తీసేయండి. జాయింట్ బిగుసుకుపోతే బలం చూపించకండి. కాసేపు వేడి నీళ్ళలో ముంచితే మెత్తబడి తిరుగుతుంది.

ఇంకో లోకల్ చిట్కా. డిస్‌ప్లే బేస్‌ల కోసం వందలు పోయకండి. మార్కాపురం పలక ఉంది కదా! చిన్నప్పుడు మనం ఎక్కాలు రాసిన ఆ నల్ల పలకరాయి మీద వేడర్‌ని నిలబెడితే అచ్చం స్పేస్‌షిప్ ఫ్లోర్‌లా ఉంటుంది.

5. పెట్టె తెరవండి

ఇక అసలు కథ. పోయినేడు బాండాయ్ వాళ్ళ డార్త్ వేడర్ కొన్నా. అన్నీ కలిపి 8,500. సీల్ తియ్యలేదు. "పదేళ్ళాగితే రేటు పెరుగుతుంది" అని నాకు నేనే చెప్పుకున్నా. రూమ్‌లో ఉంచితే ఫ్రెండ్స్ విప్పేస్తారని దీపావళికి ఊరికి తీసుకెళ్ళి బీరువా మీద పెట్టా. అమ్మ అడిగింది.

"ఎంతరా ఇది?"

"మూడొందల యాభై."

సంక్రాంతికి ఊరెళ్ళా. భోగి రోజు పొద్దున బాగా నిద్రపోయి లేచి బీరువా మీద చూస్తే పెట్టె లేదు. అమ్మ వంటింట్లోంచే చెప్పింది. "ఎదురింటి మామ్మ కొలువుకి ఈ ఏడు కొత్త బొమ్మ దొరకలేదంటే ఇచ్చొచ్చా. అట్టపెట్టె ఎందుకులే అని భోగి మంటలో యేశా."

నా పదేళ్ళ పెట్టుబడి చలి కాచుకోవడానికి పనికొచ్చింది. వీధిలో బూడిద ఇంకా వెచ్చగానే ఉంది.

పరిగెత్తుకుంటూ మామ్మ ఇంటికెళ్ళా. మూడో మెట్టు మీద దశావతారాల మధ్య డార్త్ వేడర్ కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన చెట్టియార్, చెట్టెమ్మ. కింద పిల్లల గుంపు. మామ్మ అడిగింది, "ఎవరు నాయనా ఈ నల్లాయన?" ఏం చెప్పాలో తెలీక, "రాక్షసుడు మామ్మా, సొంత కొడుకు మీదికే కత్తి ఎత్తుతాడు" అన్నా. మామ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "హిరణ్యకశిపుడన్నమాట" అని తీసుకెళ్ళి నరసింహస్వామికి ఎదురుగా నిలబెట్టింది.

దశాబ్దాల ఫ్రాంచైజ్‌ని ఒక్క ముక్కలో తేల్చేసింది! ఆ సాయంత్రం వీధిలో పిల్లలందరూ ఆ బొమ్మ చుట్టూనే ఉన్నారు. మూడు నెలలు నా బీరువా మీద ఉన్నప్పుడు దాన్ని చూసింది బల్లి ఒక్కటే. అప్పుడర్థమైంది, పెట్టెలో ఉన్నంతకాలం నా దగ్గరున్నది బొమ్మ కాదు, అట్ట. పది మంది కొనుక్కుని పదిమందీ సీల్ తియ్యకుండా దాచుకుంటే రేటు పెరిగేదెలా? పాత బొమ్మలకు అంత విలువ వచ్చిందే అప్పటి పిల్లలు ఆడి విరగ్గొట్టి మిగిలినవి తక్కువ కాబట్టి. లాభం కావాలంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసుకోండి. బొమ్మ కావాలంటే పెట్టె తెరవండి.

6. ధర నిజం చెప్పండి

కథ అక్కడితో అయిపోలేదు. మర్నాడు అమ్మ అంది, "మూడొందల యాభయ్యే గదా, మామ్మకి అట్టాంటిది ఇంకోటి కొనియ్యి. ముసలామె సంబరపడింది." ఇంక దాచలేకపోయా. 8,500 అని చెప్పా.

తిడుతుందనుకున్నా. తిట్టలేదు. కాసేపు ఊరుకుని, "కార్తీకంలో బోరు మోటర్ కాలిపోయింది. నీకు ఫోన్ చేశా గుర్తుందా?" అంది. గుర్తుంది. "చేతిలో ఏమన్నా ఉన్నాయా?" అని అడిగితే "ఈ నెల టైట్ అమ్మా" అన్నా. అది నిజమే, ఎందుకు టైటో మాత్రం చెప్పలేదు. వైండింగ్‌కి, పైపులకి కలిపి తొమ్మిది వేలయ్యాయట. మిరప ఎండిపోతుందని నాన్న రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడట. మా వైపు నీళ్ళంటే ఏంటో మీలో ఆ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు.

"కొనుక్కోవద్దని మేమెప్పుడన్నా అన్నామా? చెప్పుంటే ఏం పోయేది?" అంది అమ్మ. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రోజే ఫోన్‌లో డబ్బు పంపి ఆ అప్పు తీర్చేశా. పెద్ద త్యాగమేం కాదు, రెండు నెలల ముందు చేయాల్సిన పని.

అప్పట్నుంచి నాకున్న రూల్ ఒకటే. ఏ ఫిగర్ కొనేముందైనా అమ్మకు ఫోన్ చేసి ధర చదివి వినిపించాలి. నోటితో పైకి చెప్పలేని ధర నా బడ్జెట్ కాదు. యాప్‌లు, ఎక్సెల్ షీట్లు అన్నీ వాడి చూశా, దీన్ని మించిన ఫిల్టర్ దొరకలేదు. ఈ ఏడాదిలో కార్ట్‌లోంచి ఆరు తీసేశా. రెండు కొన్నా. ఆ రెండూ ఇప్పుడు టేబుల్ మీద, పెట్టెల్లేకుండా ఉన్నాయి.

కనుమ తర్వాత మామ్మ వేడర్‌ని ఈనాడు పేపర్లో చుట్టి భద్రంగా తిరిగిచ్చింది. ఆ సాయంత్రం నాన్న దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అన్నేళ్ళలో నా బొమ్మను ఆయన ముట్టుకోవడం అదే మొదటిసారి. మోచెయ్యి వంచాడు, మోకాలు తిప్పాడు, మడమ దగ్గర ఆగి కళ్ళజోడు సర్దుకుని మరీ చూశాడు. "బేరింగు బాగుందిరా" అన్నాడు. నేను చదివిన రివ్యూలన్నిటిలో అదే బెస్ట్.

వచ్చే సంక్రాంతికి ప్రహ్లాదుణ్ణి కూడా తెమ్మంది మామ్మ. ల్యూక్ ధర ఎంతో అమ్మకు ఉన్నదున్నట్టు చెప్పా. ఆలోచిస్తానంది.