మాతృభాష తల్లి ఒక్కదాని పూచీయేనా?

పిల్లలకి తెలుగు సరిగ్గా రావడం లేదంటే అందరి వేలూ ముందు తల్లివైపే చూపిస్తుంది. "ఇంట్లో ఉండి నాలుగు తెలుగు ముక్కలు నేర్పలేకపోయావా?" అని అత్తగారి దగ్గర్నుంచి పెళ్లిలో కలిసిన దూరపు చుట్టం దాకా అడిగేవాళ్లే. అదే పిల్లాడు ఇంగ్లీషులో తడబడితే "ఇంట్లో కాస్త ఇంగ్లీషులో మాట్లాడుతూ ఉండండమ్మా" అని స్కూలువాళ్లు చెప్పేదీ తల్లికే. ఈ రెండు మాటల మధ్యా నలిగిపోయేది మనం. ఇది మన ఒక్కళ్ల గోడు కాదని సింగపూర్ తమిళుల ఇళ్లు చూశాక నాకు బాగా తెలిసొచ్చింది.

మా ఆడపడుచు కుటుంబం అక్కడే ఉంటోంది. వాళ్లింట్లో ఓ నెల్లాళ్లున్నాను. తమిళానికి ఆ దేశంలో ఉన్న మర్యాద చూస్తే ముచ్చటేసింది. భారతీయులంతా కలిసి అక్కడి జనాభాలో నూటికి 9 మందే. అయినా ఇంగ్లీషు, మలయ్, మాండరిన్‌లతో పాటు తమిళం కూడా అధికార భాషే. కరెన్సీ నోట్ల మీద తమిళ అక్షరాలుంటాయి. పార్లమెంటులో తమిళంలో మాట్లాడొచ్చు. 1935లో మొదలైన 'తమిళ మురసు' దినపత్రిక ఇప్పటికీ వస్తోంది. బళ్లో పిల్లలు ఇంగ్లీషుతో పాటు 'మాతృభాష' ఒకటి చదవాల్సిందే. పరాయిగడ్డ మీద ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది కదూ?

అయినా ఇళ్లలో తమిళం తగ్గిపోతోంది. 2010 జనాభా లెక్కల్లో, ఐదేళ్లు నిండినవాళ్లలో ఇంట్లో ఎక్కువగా తమిళమే మాట్లాడతామన్నవాళ్లు 3.3 శాతం. 2020 నాటికి వాళ్లు 2.5 శాతమయ్యారు. అదే పదేళ్లలో ఇంగ్లీషు 32.3 శాతం నుంచి 48.3 శాతానికి పెరిగింది. తమిళుల ఇళ్లే కాదు, చైనీయుల ఇళ్లు, మలయ్ వాళ్ల ఇళ్లు కూడా అటే నడుస్తున్నాయి.

ఈ అంకెల వెనక ఏముందో పక్క ఫ్లాట్‌లో కనిపించింది. మాది చిత్తూరు జిల్లా కావడంతో నాకు తమిళం వచ్చు. అందుకే అక్కడి పాట్టితో ఇట్టే స్నేహం కుదిరింది. ఆవిడ పెద్దగా చదువుకోలేదు గానీ తమిళంతో పాటు బజారు మలయ్ గలగలా మాట్లాడుతుంది. చైనీయ ఇరుగమ్మతో నలభై ఏళ్ల స్నేహం ఆ మలయ్‌లోనే నడిచిందట. కొడుకు ఇంగ్లీషు మీడియంలో చదివాడు, తమిళం రెండో భాష. 1987 నాటికి అక్కడి బళ్లన్నీ ఇంగ్లీషు మీడియమే అయిపోయాయి. అతను తల్లితో తమిళం, భార్యతో సగం సగం, పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడతాడు. ఇక మనవరాలు పాట్టి తమిళంలో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబిస్తుంది.

'తిన్నాను, వద్దు, వెళ్తున్నా' వరకూ ఫరవాలేదు. బళ్లో స్నేహితురాలు మాట్లాడటం మానేసిందని బామ్మ ఒళ్లో పడుకుని చెప్పుకోవాలంటే? ఆ పిల్లకి తమిళం చాలదు, ఆవిడకి ఇంగ్లీషు చాలదు. కోడలు మధ్యలో దుబాసీ. "దానికి నేనంటే ప్రాణమే. కబుర్లే లేవు" అంది పాట్టి. భాష పోతే పద్యాలు పోతాయి, పురాణాలు పోతాయి అని బాధపడతాం. వాటికన్నా ముందు పోయేవి ఈ కబుర్లే.

చుట్టాలు మాత్రం తప్పంతా కోడలిదే అంటారు. పిల్ల లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులోనే రాయాలి. తను ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే మాట్లాడాలి. సాయంత్రం హోంవర్క్ ఏ భాషలో చేయిస్తుంది చెప్పండి? ఇంకో తమాషా ఉంది. అక్కడ బళ్లో పిల్లల 'మాతృభాష' ఏదో చాలాకాలం తండ్రి జాతిని బట్టే నిర్ణయమయ్యేది. పేరు తల్లిది, లెక్క తండ్రిది, నేర్పే చాకిరీ మళ్లీ తల్లిది!

తప్పు బడిది కూడా కొంత ఉంది. ఇంట్లో 'వరేన్' అంటే పుస్తకంలో 'వరుగిరేన్' అని ఉంటుంది. మనింట్లో 'వస్తున్నా' అన్న పిల్లాణ్ణి బళ్లో 'వచ్చుచున్నాను' అనమన్నట్టు! గిడుగువారు ఎందుకు అంత పోరాడారో ఇక్కడ అర్థమవుతుంది. 2005లో అక్కడ తమిళ చదువుల్ని సమీక్షించిన సంఘం కూడా మాట్లాడే తమిళాన్ని తరగతిలోకి తేవాలంది. ఇంట్లో మాట తప్పని బళ్లోనూ, బళ్లో మాట కృతకమని ఇంట్లోనూ అంటే పిల్లలు ఎవరూ నవ్వని మూడో భాషలోకి జారుకోరూ?

మా ఆడపడుచుకి ఆ కాస్త ఆసరా కూడా లేదు. భారతీయ పిల్లలకి బళ్లో తమిళం కాకపోతే హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. వాళ్లమ్మాయి హిందీ చదువుతోంది. తెలుగు బతికితే ఇంట్లోనే బతకాలి. నోట్ల మీదికెక్కిన భాషకే ఇంట్లో ఇంత తిప్పలైతే, మన సంగతేమిటి?

ఇల్లే ముఖ్యం అని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇల్లంటే ఆడది ఒక్కతేనా? ఆఫీసు నుంచి రాగానే టీవీ ముందు కూర్చునే తండ్రి ఓ అరగంట పిల్లలతో తన భాషలో కబుర్లాడితే కాదనేదెవరు? క్రికెట్, బండి రిపేరు, బ్యాంకు సంగతులు తెలుగులో చెబితే అది వంటింటి భాష మాత్రమే కాదని పిల్లలకి తెలుస్తుంది. తాతయ్యలూ మావయ్యలూ పిల్లల తెలుగు విని 'అబ్బో, దొరగారి తెలుగు' అని నవ్వడం మానేస్తే అదే పదివేలు. తప్పుగానైనా మాట్లాడే పిల్ల రేపు సరిదిద్దుకుంటుంది. సిగ్గుపడి నోరు మూసుకున్న పిల్ల మళ్లీ తెరవదు.

కాబట్టి ఈసారి ఎవరైనా "పిల్లలకి తెలుగు నేర్పలేదేం?" అని అడిగితే చిన్నబుచ్చుకోకండి. "వాళ్ల నాన్నగారు పక్కనే ఉన్నారు, ఆయన్నీ ఓ మాట అడగండి" అనండి.