మూగజీవుల సాక్ష్యము

చెంగిచెర్ల యనగానే భాగ్యనగరవాసులకు వధశాల స్ఫురించును. జాతీయ మాంస పరిశోధన సంస్థయు అచ్చటనే కలదు. నగరమునకు మాంసమగుచున్న మేకల, గొఱ్ఱెల తలలలో, మెదడునకు దిగువను, సన్నని ధమనులు వలవలె అల్లుకొనియుండును. శరీరశాస్త్రజ్ఞులు దానికి 'అద్భుతజాలము' అని పేరిడిరి. మనుష్యునకు ఆ వల లేదు. అయినను మనుష్యుని ప్రాణరక్షణకు అది తోడ్పడుచున్నది. ఎట్లనగా—

ఆరోగ్యవంతుని దేహమున రక్తము ధమనులనుండి సూక్ష్మనాళికలలో ప్రవేశించి, వేగము తగ్గి, పిమ్మట సిరలను చేరును. కొందఱికి ఒకచోట ఆ నడిమి నాళికలుండవు. పెద్దకాలువ నీరు తూము లేకయే పంటబోదెలోనికి దూకినచో గట్టు నిలుచునా? మెదడులో నిట్టి చిక్కు గలవారిలో ఏటేట నూటికి 2 మొదలు 4 వఱకు రక్తస్రావమున కీడగుదురని వైద్యుల లెక్క. తఱచు యౌవనముననే బయటపడు వ్యాధి యిది.

దీని చికిత్సలలో నొకటి, సన్నని గొట్టమును నాళములగుండ మెదడువఱకు నడపి, చిక్కులో జిగురును నింపి మూయుట. జిగురు దారి తప్పినచో పక్షవాతము రావచ్చును. ఈ విద్యను రోగిపైననే నేర్వవచ్చునా? అందుచేతనే 1990 ప్రాంతమునుండి పాశ్చాత్య వైద్యులు పంది తలలోని అద్భుతజాలమును మానవుని చిక్కునకు ప్రతిరూపముగా గైకొని, మెడలోని ధమనిని సిరతో కలిపి, రక్తవేగమును పెంచి, క్రొత్త జిగురులను పరీక్షించుచున్నారు.

ఇక ఎలుకలు చేసిన మేలు వేఱు. నాళములు వికృతముగా పెరుగుటకు కారణమగు జన్యుదోషము నొకదానిని పారిసు వైద్యులు ఎలుకలలో కల్పించి, కాన్సరునకై సిద్ధమగుచుండిన ఆల్పెలిసిబ్ అను మందు నిచ్చి చూచిరి. ఎలుకలు కోలుకొనెను. పిమ్మట 19 మంది రోగులకును గుణము కనబడెనని 2018లో ప్రకటించిరి. 2022లో అమెరికా ప్రభుత్వము ఆ మందును ఈ రోగములకు అంగీకరించినది.

కాని జంతువు సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. రెండవ శతాబ్దమున గేలెను అను మహావైద్యుడు పశువుల తలలను కోసి చూచి, అద్భుతజాలము మనుష్యునకును కలదని వ్రాసెను. వేయేండ్లకు పైగా లోకము దానిని నమ్మినది. 1543లో వెసేలియసు మానవకళేబరమును కోసి, అది లేదని తేల్చెను. నేటి పరిశోధకులకును ఈ హెచ్చరిక వర్తించును. పంది వల ఆరోగ్యకరమైన నాళముల కూర్పు. అది తనంతట తాను చిట్లి ప్రాణము తీయదు. జిగురు ఎట్లు పాఱునో అది చెప్పును. రోగము ఎందుకు పుట్టెనో చెప్పజాలదు.

ఆహారమునకై చంపుచుండగా ప్రయోగమునకు అభ్యంతరమేల యనువారు కొందఱు; ప్రయోగమే మహాపాపమనువారు మఱికొందఱు. ఇరువురును రోగి మంచము చెంతనుండి మాటలాడుట లేదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రయోగములను నిషేధింపలేదు. నిష్కారణ బాధను మాత్రము నిషేధించినది. 1959లో రసెల్, బర్చ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు చెప్పిన మార్గము నేటికిని శిరోధార్యము: మాఱు దొరకినచో జంతువును వాడకుము, వాడకతప్పనిచో సంఖ్యను తగ్గింపుము, వాడినదానికి బాధను తగ్గింపుము. 2023లో సవరింపబడిన మన ఔషధ నిబంధనలు మానవకణములపై చేయు పరీక్షలను సైతము అంగీకరించుచున్నవి.

మనకు కొఱతయేమి? ఉప్పల్ మార్గమున కణ, అణు జీవశాస్త్ర కేంద్రము కలదు. శామీర్‌పేట వైపున ప్రయోగజంతువులకై జాతీయ సంస్థయే కలదు. పంజగుట్టలో నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ కలదు. ఇవి చెంగిచెర్లతో చేయి కలుపవలయును. యువవైద్యుడు మొదట వధశాల విడిచిన తలలలోని నాళములలో ఉప్పునీరు పాఱించి చేయి తిప్పుకొనుట నేర్వవలయును. అందులకు క్రొత్తగా ఒక్క ప్రాణమును తీయనక్కఱలేదు. అటుపిమ్మటనే, తప్పనిసరియైనచో, సజీవ జంతువు. ఫలించిన ప్రయోగమునువలె ఫలింపని ప్రయోగమును కూడ ప్రకటింపవలయును. లేనిచో మఱియొకరు అదే తప్పునకు మఱికొన్ని ప్రాణములను బలియిత్తురు.

మూగజీవి తన సాక్ష్యమును ప్రాణముతో నిచ్చుచున్నది. దానిని సరిగా విని, సరిగా వ్రాసికొని, రోగికి మేలు చేకూర్చుట మన విధి.