అమ్మీ పేరు ఆ ఖానాలో ఎందుకు పట్టలేదు?

మొన్న మా మొహల్లాలో చదువుకునే పిల్లలకిచ్చే ఇమ్దాద్ హిసాబ్‌ను రిజిస్టర్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించాలనుకున్నాం. మా భాంజా ముందుకొచ్చాడు. "పది నిమిషాల పని మామూ" అంటూ మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్‌లో పట్టిక బొమ్మ గీసి, ఫార్వర్డ్ ఇంజినీర్ నొక్కాడు. 'క్రియేట్ టేబుల్' అంటూ స్క్రిప్టు మొత్తం దానంతటదే తయారైంది. మాషా అల్లాహ్, నిజంగా పది నిమిషాలే!

చిక్కు మొదటి పేరు దగ్గరే వచ్చింది. ఒక పిల్లకు సర్‌పరస్త్‌గా మా అమ్మీ పేరు రాయాలి. అక్కడున్నవి ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు ఖానాలు. రెండోదానికి 'నాట్ నల్' అని షరతు, అంటే ఖాళీగా వదలకూడదు. అమ్మీ పేరు చివర 'బీ' ఉంటుంది. అది ఇంటిపేరు కాదు, ఇజ్జత్‌తో పిలిచే మాట. ఇంటిపేరు షేక్ ఏమో మనవైపు ముందు రాస్తాం. భాంజా ఆ ఖానాలో ఒక చుక్క పెట్టబోయాడు. నేను ఆపాను.

చుక్కే కదా అనుకోవద్దు. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ ఖానా ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. అమ్మానాన్నలు ముద్దుగా పెట్టుకున్న పేరు 'తెలియదు' అయిపోతుంది!

ఇందులో మెషీన్ కసూర్ లేదు. మనం అడిగిందే అది రాసిస్తుంది. అడగనిచోట డిఫాల్ట్ పెడుతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0 రాకముందు క్యారెక్టర్ సెట్ డిఫాల్ట్ లాటిన్1. అందులో తెలుగుకూ ఉర్దూకూ జాగా లేదు. స్ట్రిక్ట్ మోడ్ లేని పాత సర్వర్‌లో పేరు బదులు వరసగా ప్రశ్నార్థకాలే మిగిలేవి. ఫోన్ నంబరును 'ఇంట్' అని రాస్తే అందులో పట్టే పెద్ద అంకె 2147483647. తొమ్మిదితో మొదలయ్యే మన మొబైల్ నంబర్లు దానికంటే పెద్దవి. అలాంటి సర్వర్‌లో ఆ నంబర్లన్నీ ఆ ఒక్క అంకెగా మారిపోతాయి. ఇక ఫోన్ ఎవరికి చేస్తారు?

అందుకే నా రాయ్ ఇది. బటన్ నొక్కేముందు ఇంట్లో పెద్దవాళ్లతో ఒక పూట మష్వరా చేయండి. మేం అలాగే చేశాం. పూర్తి పేరుకు ఒకే ఖానా, వార్‌చార్ 150. ఇంటిపేరు వేరే ఖానాలో, ఖాళీగా వదలొచ్చు. తండ్రి పేరో భర్త పేరో అని కట్టడి పెట్టకుండా సర్‌పరస్త్ పేరు, రిష్తా అని రెండు ఖానాలు. ఫోన్ కూడా వార్‌చారే. క్యారెక్టర్ సెట్ యుటిఎఫ్8ఎంబి4 అని సాఫ్‌గా రాశాం. చివర్లో 'షో క్రియేట్ టేబుల్' కొట్టి, సర్వర్‌లో నిజంగా ఏం కూర్చుందో చదువుకున్నాం.

మన పిల్లలు ఎంతోమంది హైదరాబాద్‌లో, బెంగళూరులో, గల్ఫ్‌లో ఈ పనే చేస్తున్నారు. బేటా, నీ టేబుల్‌లో పడే ప్రతి పేరూ ఒక అమానత్. స్క్రిప్టు మెషీన్ రాసిస్తుంది, సరే. ఆ ఖానాలో ఎవరు పడతారో, ఎవరు పట్టరో తేల్చే జిమ్మేదారీ మాత్రం నీదే.

ఇప్పుడు మా రిజిస్టర్‌లో అమ్మీ పేరు పూర్తిగా ఉంది. చివర చుక్క లేదు.