వంజంగికి ట్రైలర్ ఎందుకు?

చలికాలం వస్తే మన కాలేజీలో రెండే టాపిక్‌లు. ఒకటి సెమ్ ఎగ్జామ్స్, రెండోది వంజంగి. మొదటిదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. రెండోదానికి మాత్రం ట్రిప్‌కో వాట్సాప్ గ్రూపు పుడుతుంది. ఈసారి ఆ గ్రూపుల్లో కొత్త ఐడియా ఒకటి తిరుగుతోంది. బైక్ వెనకాల చిన్న ట్రైలర్ తగిలించుకుని, టెంట్లు, మడత కుర్చీలు, వంట సామాను అన్నీ అందులో పడేసి కొండెక్కడం. ఫారిన్ రీల్స్ పుణ్యం. "ఆటోనగర్‌లో ఒక్క రోజులో కొట్టించేయొచ్చు రా" అంటున్నారు. కొట్టించొచ్చు, అందులో డౌట్ లేదు. స్టీలు ఊరు మనది, వెల్డింగ్ తెలిసినవాళ్ళకి కొదవ లేదు. కానీ అది పాడేరు ఘాట్ ఎక్కకూడదని నా వాదన. పైగా మన ట్రిప్పులకి అది అవసరమే లేదు.

ముందు ట్రైలర్ వైపు నుంచే మాట్లాడదాం, ఎందుకంటే అది చెడ్డ వస్తువేం కాదు. అమెరికాలో గోల్డ్‌వింగ్ లాంటి పెద్ద బైకులకి ట్రైలర్లు మామూలే. బాక్స్, చక్రాలు, యాక్సిల్ ఇవన్నీ తేలికైన పని. అసలు కష్టం బైక్‌కి కలిపే చోటే, అంటే హిచ్ దగ్గర. కారు మలుపులో నిటారుగానే ఉంటుంది, బైక్ మాత్రం పక్కకి వాలుతుంది. రెండు చక్రాల ట్రైలర్ వాలదు. కాబట్టి ఆ జాయింట్ పక్కలకీ, పైకీ కిందకీ తిరగడమే కాదు, మెలి కూడా తిరగాలి. లేకపోతే బైక్ వాలిన ప్రతిసారీ ట్రైలర్ దాన్ని నిటారుగా నిలబెట్టాలని చూస్తుంది. రెండోది, ఆ హిచ్ ఫ్రేమ్‌కి పట్టాలి. తొందరలో చీర గార్డ్‌కో, వెనక గ్రాబ్ రెయిల్‌కో వెల్డ్ చేయించేస్తారు. చీర గార్డ్ ఉన్నది చీర చక్రంలో పడకుండా ఆపడానికి, బండిని లాగడానికి కాదు. మూడోది, లోపల బరువు యాక్సిల్‌కి కొంచెం ముందు ఉండాలి. మొత్తం బరువులో పదో వంతు హిచ్ మీద పడాలని ఒక లెక్క. వెనక్కి ఎక్కువ పెడితే స్పీడులో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. దాంతోపాటు బైకూ ఊగుతుంది.

ఇవన్నీ కరెక్టుగా చేశారనుకుందాం. మన మెకానికల్ వాళ్ళకి అది రాదని నేను అనను. మరి ఘాట్ సంగతి?

చోడవరం మీదుగా పాడేరు వెళ్ళినా, ఎస్.కోట దాటి అనంతగిరి మీదుగా అరకు వెళ్ళినా, హెయిర్‌పిన్ మలుపులు తప్పవు. ఎక్కేటప్పుడు ఇంజిన్ మూలుగుతుంది, అంతే. భయం దిగేటప్పుడు. వంద మీటర్లకి పది మీటర్లు దిగే రోడ్డు అనుకోండి. 90 కేజీల ట్రైలర్ మిమ్మల్ని వెనక నుంచి దాదాపు 9 కేజీల బలంతో ఆగకుండా తోస్తూనే ఉంటుంది. దానికి సొంత బ్రేకులు ఉండవు. భారమంతా మీ బైక్ బ్రేకుల మీదే. ఎక్కువసేపు తొక్కితే డ్రమ్ బ్రేక్ వేడెక్కి పట్టు తగ్గుతుంది. మలుపులో గట్టిగా బ్రేక్ కొడితే వెనకున్న బరువు నేరుగా కాదు, పక్క నుంచి తోస్తుంది.

ఇంకోటి, దీని గురించి రీల్స్‌లో ఎవరూ చూపించరు. హెయిర్‌పిన్‌లో ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చింది. డ్రైవర్ గారు లైటు కొట్టి వెనక్కి వెళ్ళమన్నారు. మామూలు బైక్ అయితే కాళ్ళతో వెనక్కి తోసుకుంటాం. ట్రైలర్ ఉన్న బైక్‌ని వాలు రోడ్డు మీద కాళ్ళతో వెనక్కి తోయండి చూద్దాం. రెండడుగులు వేయకముందే అది అడ్డం తిరిగి మడతపడుతుంది. పైగా మలుపులో ట్రైలర్ చక్రాలు బైక్ వెళ్ళిన దారిలో రావు, లోపలి వైపుకి కోసుకుంటూ వస్తాయి. అక్కడ తారు ఉండొచ్చు, కాలవ ఉండొచ్చు.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ అంటే దానికదే ఒక వాహనం, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. ఇక 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. "పోలీసులు ఎవరు చూస్తారు బ్రో" అనేది అసలు పాయింటే కాదు. రేపు ఎవరినైనా గుద్దితే, అప్పుడు చూసేది ఇన్సూరెన్స్ కంపెనీ. మనలో చాలామంది నడిపే బండి నాన్న పేరు మీదే ఉంటుంది. ఆ కాగితాలన్నీ ఆయన చేతికొస్తాయి.

బ్రిటన్‌లో బైక్ ట్రైలర్‌కి పర్మిషన్ ఉంది, కానీ కొలతలు కూడా ఉన్నాయి. ఇంజిన్ 125 సీసీ దాటాలి. ట్రైలర్ వెడల్పు ఒక మీటరు మించకూడదు. సామానుతో కలిపి బరువు 150 కేజీలు గానీ, బైక్ బరువులో మూడింట రెండు వంతులు గానీ, ఏది తక్కువైతే అదే లిమిట్. ఈ లెక్కన 195 కేజీల క్లాసిక్ 350కి 130 కేజీలు వస్తుంది. మన హాస్టల్ ముందు నిలబడే 150 సీసీ బండ్లకి వంద కూడా రాదు. అదీ వాళ్ళ రోడ్ల మీద.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం, మోయాల్సింది ఎంత? ఇద్దరికి టెంట్ 3 కేజీలు. రెండు స్లీపింగ్ బ్యాగులు 3, మ్యాట్లు 1, బట్టలు, జాకెట్లు 3, స్టవ్వు, గిన్నె 2, నీళ్ళు 4, పంక్చర్ కిట్, పానాలు ఒకటిన్నర. మొత్తం 18 కేజీలు దాటదు. ఇక ట్రైలర్. ఒక మిల్లీమీటర్ మందం స్టీల్ రేకు చదరపు మీటరుకి 7.85 కేజీలు తూగుతుంది. అడుగుకీ పక్కలకీ రెండు చదరపు మీటర్లు వేసుకోండి, దానికి పది మీటర్ల చదరపు పైపు, యాక్సిల్, చక్రాలు కలపండి. ఖాళీ బండే 40 కేజీలకి వస్తుంది. అంటే 18 కేజీల సామాను కోసం 40 కేజీల ఇనుము ఘాట్ ఎక్కించాలి! కోడ్‌లో ఒక్క ఫంక్షన్ కోసం పెద్ద లైబ్రరీ మొత్తం ఇన్‌స్టాల్ చేసేవాళ్ళకి ఇది నార్మల్‌గానే అనిపించొచ్చు.

మరి ట్రైలర్ ఎందుకు కావాలనిపిస్తుంది? గ్రూపులో పెట్టిన లిస్టు చూస్తే తెలుస్తుంది. స్పీకరు, నాలుగు కుర్చీలు, ఐస్ బాక్సు, బార్బెక్యూ గ్రిల్లు, 20 లీటర్ల వాటర్ క్యాన్. ఆ క్యాన్ ఒక్కటే 20 కేజీలు, మన మొత్తం లగేజీ కంటే ఎక్కువ. నీళ్ళు పాడేరులో నింపుకోవచ్చు. బొంగు చికెన్ దొరికే ఏరియాకి గ్రిల్లు మోసుకెళ్ళడం ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పైగా వంజంగిలో చివరి భాగం నడకే. ట్రైలర్ కింద ఉండిపోతుంది, కుర్చీలు మీ భుజం మీదికొస్తాయి.

ప్యాకింగ్ నేర్చుకోవాలంటే యూట్యూబ్ కన్నా మంచి గురువులు మన వీధుల్లోనే తిరుగుతున్నారు. టీవీఎస్ ఎక్సెల్ మీద ప్లాస్టిక్ సామాను అమ్మే అన్నలని ఒకసారి జాగ్రత్తగా చూడండి. దూరం నుంచి బండి కనిపించదు, బిందెల కొండ ఒకటి కదులుతున్నట్టు ఉంటుంది. కానీ ఆ కొండలో ఎక్కువ భాగం గాలే. బరువైనవి కాళ్ళ దగ్గర, ముందు ఖాళీలో, కింద ఉంటాయి. పైనా వెనకా తేలికవి. కట్టేది పాత ట్యూబు కోసిన రబ్బరు పట్టీలతో. మనం బంజీ కార్డులని ఆన్‌లైన్‌లో కొనేది కూడా చేసే పని అదే. రోజూ అలా తిరిగి ఇల్లు నడుపుకునేవాళ్ళకి బ్యాలెన్స్ గురించి మనం చెప్పేదేం లేదు.

అదే పద్ధతి మన బైక్‌కి. సీటుకి రెండు వైపులా శాడిల్ బ్యాగులు, అందులో చెరో 6 కేజీలు, బరువైనవి అడుగున. సైలెన్సర్ వైపు బ్యాగ్ తగలకుండా చూసుకోండి, కాలితే స్లీపింగ్ బ్యాగుతో సహా పోతుంది. పానాలు, చిన్న బరువులు ట్యాంక్ బ్యాగులో. టెంట్, మ్యాట్లు వెనక అడ్డంగా. వెనక పెట్టె కావాలంటే దానికీ రూల్ వచ్చింది. 2020లో కేంద్రం తేలికపాటి కంటెయినర్‌కి 550 మిల్లీమీటర్ల పొడవు, 510 వెడల్పు, 500 ఎత్తు వరకు ఒప్పుకుంది. పెట్టె వెనక సీటు జాగాలో పెడితే మాత్రం నడిపేవాడు ఒక్కడే ఉండాలి.

వెనక టైర్‌లో గాలి, మాన్యువల్‌లో ఇద్దరికి చెప్పిన లెక్క ప్రకారం పెట్టించండి. బరువు వెనక పడితే హెడ్‌లైట్ పైకి లేచి ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది, దాన్నీ కొంచెం దించుకోండి. బయల్దేరిన పది కిలోమీటర్లకి ఒకసారి ఆగి కట్లు బిగించండి. మొదటి కుదుపులకే అన్నీ సర్దుకుని వదులవుతాయి.

ఒక బ్యాగులో కొంచెం ఖాళీ ఉంచండి, తిరిగొచ్చేటప్పుడు మన చెత్త అందులో పట్టాలి. కొండ మీద చిప్స్ కవర్లూ నీళ్ళ సీసాలూ ఎలా పడుంటాయో వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. అవి ఏరేది ఆ ఊరివాళ్ళే. ట్రైలర్ నిండా సామాను తీసుకెళ్ళేవాళ్ళు చెత్తతో ట్రైలర్ నింపుకుని దిగుతారంటే నేను నమ్మను.

ఇంకా ట్రైలర్ మీద మనసున్నవాళ్ళు క్యాంపస్‌లో ప్రాజెక్టుగా కట్టండి, హిచ్ టెస్ట్ చేయడానికి నేనూ వస్తాను. డిసెంబర్ ట్రిప్‌కి మాత్రం బయల్దేరే ముందు రాత్రి మీ బ్యాగులు మెస్‌లో కూరగాయల కాటా మీద పెట్టి చూడండి. 18 దాటితే ముందు స్పీకరు తీసేయండి.