కాపలా కాదు, భద్రత కావాలి

దేశంలో ఏ మూల ఏ దుర్ఘటన జరిగినా మన ఇళ్లలో వినిపించే మొదటి మాట ఒక్కటే: "ఆడపిల్లకు అంత దూరం చదువెందుకు?" మగపిల్లవాడి విషయంలో ఆ మాట కాస్త రూపు మార్చుకుంటుంది: "నీ చదువేదో నువ్వు చూసుకో, ఎవరి జోలికీ పోకు." ఒకటి కూతురి చదువును ఆపుతుంది. మరొకటి కొడుకు నోటిని మూయిస్తుంది. ఈ రెండింటిలోనూ భయం ఉందే తప్ప భద్రత లేదని మేము స్పష్టంగా చెప్పదలచుకున్నాము.

మణికొండను ఉదాహరణగా తీసుకుందాం. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన వక్ఫ్ ఆస్తిగా మనం వాదించిన 1,654 ఎకరాల 32 గుంటల భూమి ప్రభుత్వానిదేనని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ నేల మీద అద్దాల మేడలు లేచాయి. అదే పరిసరాల్లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 200 ఎకరాలలో నిలిచి ఉంది. 1998 జనవరిలో ఆరంభమైన ఆ సంస్థ లక్ష్యాలలో స్త్రీ విద్యపై ప్రత్యేక శ్రద్ధ వహించాలని దాని చట్టమే చెబుతున్నది. భూమి చేజారిన సమాజానికి చదువే మిగిలిన ఆస్తి. భయపడి దానిని కూడా వదులుకుంటే మనకు మిగిలేదేమిటి?

ప్రమాదాలు లేవని మేము అనడం లేదు. రాత్రి పొద్దుపోయాక రాయదుర్గం మెట్రో దిగి, ఆటో కోసమో క్యాబ్ కోసమో ఎదురుచూసే విద్యార్థిని ఆందోళన నిజమైనది. పేరు వినగానే గది ఖాళీ లేదనే యజమాని మాట వల్ల సరైన వసతి దొరకక, గాలీ వెలుతురూ లేని ప్రైవేటు హాస్టల్‌లో సర్దుకునే కుర్రవాడి కష్టమూ నిజమైనదే. వీధిని దాటి ఫోన్‌లోకి వచ్చిన ప్రమాదం మరొకటి. 2021 జులైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేరిట ముస్లిం స్త్రీల ఫొటోలను వేలానికి పెట్టినట్లు చూపిన నీచులను దేశం చూసింది. అరెస్టయిన వారిలో ఇంజనీరింగ్ విద్యార్థులు ఉన్నారు. అంటే ద్వేషం కళాశాల గేటు బయట మాత్రమే లేదు.

ఇంతకంటే చేదు నిజం ఒకటుంది. కాపాడవలసిన వ్యవస్థే విద్యార్థి మీదికి వచ్చిన సందర్భాలను మన నగరం చూసింది. రోహిత్ వేముల మరణానంతర ఆందోళనల్లో, 2016 మార్చి 22న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పోలీసులు లాఠీలు ఝళిపించారు. విద్యార్థులనూ అధ్యాపకులనూ అరెస్టు చేసి జైలుకు పంపారు. మెస్సులు మూతపడ్డాయి, నీరు, ఇంటర్నెట్ ఆగిపోయాయి. 2019 డిసెంబర్ 15న ఢిల్లీలోని జామియా మిల్లియా గ్రంథాలయంలోకే పోలీసులు చొరబడ్డారు. 2025 మార్చి చివర కంచ గచ్చిబౌలి 400 ఎకరాల అడవిలోకి బుల్డోజర్లు దిగినప్పుడు అడ్డుపడిన విద్యార్థులను వ్యాన్లలోకి ఎక్కించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను నిలిపివేసింది. న్యాయం విద్యార్థుల పక్షాన ఉన్నా మొదటి దెబ్బ పడింది వారి మీదనే.

అందువల్ల "పోలీసు కాపలా పెంచండి, కెమెరాలు పెట్టండి, హాస్టల్ గేటుకు ముందే తాళం వేయండి" అనే డిమాండ్లతో సరిపెట్టుకోవడం మాకు సమ్మతం కాదు. గేటుకు తాళం వేస్తే వేధించేవాడు బయట స్వేచ్ఛగా తిరుగుతాడు, చదువుకునే అమ్మాయి లోపల బందీ అవుతుంది. రాత్రి పది గంటల వరకు గ్రంథాలయంలో కూర్చునే హక్కు అబ్బాయికి ఎంత ఉందో అమ్మాయికీ అంతే ఉంది. దారి పొడవునా దీపాలు, హాస్టల్ వరకు బస్సు, పిలిస్తే పలికే మహిళా సిబ్బంది: ఇవి భద్రత. తాళం కేవలం చేతులు దులుపుకోవడం.

ఆవేశంలో న్యాయాన్ని తలకిందులు చేసే ధోరణిని కూడా మేము వ్యతిరేకిస్తున్నాము. 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరాన్ని ఖండించని మనిషి లేడు. కాని నిందితులు నలుగురు కాగా ఒక్క ముస్లిం పేరునే ఊరూరా తిప్పారు. డిసెంబర్ 6న ఆ నలుగురూ పోలీసు తూటాలకు చనిపోతే పూలు చల్లారు. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. ఒక బిడ్డ భద్రత పేరుతో మరొకరి మతాన్ని బోనెక్కించడం, విచారణ లేకుండా ప్రాణం తీయడం ఏ బిడ్డనూ కాపాడలేదు.

మరి మనం చేయవలసినదేమిటి? సన్నద్ధత. ప్రతి కుటుంబమూ, బిడ్డను క్యాంపస్‌కు పంపే ముందు, బట్టలూ పుస్తకాలతో పాటు ఈ విషయాలనూ మూట కట్టి ఇవ్వాలి.

ఆపదలో 112 లేదా 100కు, స్త్రీలు 181కు ఫోన్ చేయవచ్చు. ఆన్‌లైన్ మోసాలు జరిగితే 1930 ఉంది. ఫొటోలతో వేధిస్తే వాటిని భయంతో చెరిపివేయరాదు. తెరపట్టు తీసి, తేదీతో సహా భద్రపరచి ఫిర్యాదు చేయాలి. మణికొండ, గచ్చిబౌలి, నార్సింగి ప్రాంతాల్లో ఒక వీధికీ పక్క వీధికీ ఠాణా మారిపోతుంది. "ఇది మా పరిధి కాదు" అని పంపివేస్తే తిరిగి రావలసిన పని లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా సమాచారాన్ని నమోదు చేయాలి, దాని ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. నిరాకరిస్తే పై అధికారికి రాతపూర్వకంగా పంపాలి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు.

అరెస్టు జరిగితే కారణం చెప్పాలి, బంధువుకో మిత్రుడికో తెలియజేయాలి, 24 గంటల లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఇది రాజ్యాంగం, చట్టం ఇచ్చిన హక్కు, ఎవరి దయా కాదు. అసాధారణ పరిస్థితుల్లో తప్ప సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు స్త్రీని అరెస్టు చేయరాదు. స్త్రీలకూ, నిర్బంధంలో ఉన్న వారికీ ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ప్రకారం లభిస్తుంది. దానికి నంబరు 15100. ఒక న్యాయవాది నంబరూ, ఇంటివారి నంబరూ ఫోన్‌లోనే కాదు, కంఠస్థంగా కూడా ఉండాలి. ఎందుకంటే మొదట చేజారేది ఫోనే.

క్యాంపస్ లోపల లైంగిక వేధింపు జరిగితే 2013 చట్టం కింద అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉంటుంది. సాధారణంగా మూడు నెలల లోపు ఫిర్యాదు ఇవ్వాలి, 90 రోజులలో విచారణ ముగించాలి. మతం, కులం కారణంగా వివక్ష చూపితే ఫిర్యాదు చేసేందుకు 2012 యూజీసీ నిబంధనలు దారి చూపాయి. ర్యాగింగ్‌ను 2009 నిబంధనలు నిషేధించాయి. ఈ కమిటీల సభ్యులెవరో, ఎక్కడ కూర్చుంటారో చేరిన మొదటి వారంలోనే మన పిల్లలు తెలుసుకోవాలి. సభ్యుల పేర్లు గోడ మీద లేకపోతే ఆ కమిటీ కాగితం మీదనే ఉన్నదని అర్థం.

"ఇవన్నీ బిడ్డలను గొడవల్లోకి దించడమే" అని కొందరు పెద్దలు అనవచ్చు. వారి ఆందోళనను మేము గౌరవిస్తాము. అయితే 2016 అక్టోబర్‌లో జేఎన్‌యూ హాస్టల్ నుంచి అదృశ్యమైన నజీబ్ అహ్మద్ ఆచూకీ నేటికీ తెలియదు. తన కుమారుడి కోసం కోర్టుల చుట్టూ, వీధుల వెంట తిరిగిన ఆ తల్లి మనకు నేర్పిన పాఠం ఏమిటి? మౌనంగా ఉన్నవారికి జవాబు దొరకదు. మాట్లాడిన వారికైనా కనీసం దేశం సాక్షిగా నిలుస్తుంది.

విశ్వవిద్యాలయాల అధికారులను మేము అడుగుతున్నాము: కమిటీలను బహిరంగపరచండి, రాత్రి బస్సు నడపండి, పోలీసులను పిలిచే ముందు విద్యార్థులతో మాట్లాడండి. మణికొండ, టోలీచౌకి, గోల్కొండ మస్జిద్ కమిటీలను అడుగుతున్నాము: జుమా తర్వాత ఒక్క అరగంట న్యాయవాదిని పిలిచి హక్కులు చెప్పించండి, దూర ప్రాంతాల నుంచి వచ్చిన విద్యార్థినులకు నమ్మకమైన వసతి చూపించండి. తల్లిదండ్రులను అడుగుతున్నాము: కష్టం వచ్చిందని బిడ్డ ఫోన్ చేసినప్పుడు "నేను ముందే చెప్పలేదా" అనకండి. ఆ ఒక్క మాటతో రెండవ ఫోన్ ఎన్నటికీ రాదు. "నువ్వు అక్కడే ఉండు, మేము వస్తున్నాము" అనండి.

బిడ్డను ఇంటికి తెచ్చుకోవడం తేలిక. ఆమె చదువు పూర్తయ్యే దాకా ఆమె వెనుక నిలబడడం కష్టం. ఆ కష్టాన్నే మన సమాజం ఎంచుకోవాలి.