చెట్టు పేరు తెలియని కల్లు

అనంతగిరి అనగానే వికారాబాదు కొండలో, అరకు దారిలోని కాఫీ తోటలో మనసున మెదలుతాయి. సూర్యాపేట జిల్లాలో, కోదాడ నుండి ఖమ్మం పోయే దారిలో మరొక అనంతగిరి కలదని ఎందరెరుగుదురు? ఇటలీలో మొలీజె అనే చిన్న ప్రాంతానిదీ ఇదే గతి. 1963 దాకా అది పొరుగున ఉన్న అబ్రుజ్జోలో అంతర్భాగం. "మొలీజె అనేదే లేదు" అని ఇటలీవారే పరిహాసమాడుతుంటారు. అయినా అక్కడి 'తింతీలియా' ద్రాక్షతో చేసే ఆసవానికి 2011లో ఆ ప్రాంతం పేరుతోనే ప్రత్యేక గుర్తింపు లభించింది. రసాయనాలు వేయక ద్రాక్ష పండించి, తరతరాలుగా ఆసవం తీసే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. తాగేవాడికి అది ఎవరి తోటదో, ఏ యేటిదో సీసా మీదనే తెలుస్తుంది.

మనకు అటువంటి కుటుంబవిద్య లేదా? ఉన్నది. అదే కల్లుగీత. "పంతులుగారికి కల్లు గొడవెందుకు?" అని నవ్వే మిత్రులుంటారు. తాడిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత నేనూ పిల్లలకు చెప్పినవాడినే. తాగమని బోధించడం ఈ టపా ఉద్దేశం కాదు. ఒక విద్యకు జరుగుతున్న అన్యాయం గురించే నా ఆవేదన.

'కల్లు' మన మూలద్రావిడ సంపద. తమిళులకు కళ్, కన్నడిగులకు కళ్ళు. ఆంగ్లేయుల 'టాడీ' మన దేశపు తాడి నుండి పోయినదే. మాటకున్నంత ప్రాచీనత ఆ విద్యకూ ఉన్నది. మోకు, ముస్తాదు నడుముకు తగిలించుకొని గీతకార్మికుడు పొద్దునా సాయంత్రమూ చెట్టెక్కుతాడు. గెల కొసను పలుచగా చెక్కి లొట్టి కడతాడు. లొట్టి లోపల సున్నం పూస్తే దిగేది నీరా. పూయకపోతే గాలిలోను లొట్టిలోను ఉండే ఈస్టు వల్ల కొన్ని గంటల్లోనే కల్లవుతుంది. పైనుండి కలపవలసినది ఏదీ లేదు. మరునాటికి పులిసి పనికిరాకుండా పోతుంది. తాడి గీతకు రావడానికి పదిహేనేళ్ళయినా పడుతుంది. అంటే తాత నాటిన చెట్టును మనుమడు గీస్తాడన్నమాట. సేంద్రియమన్న మాటకు ఇంతకంటె నిదర్శనం కావాలా?

చిక్కంతా ఆ 'మరునాడు' అన్న మాటలోనే ఉన్నది. ద్రాక్షాసవం ఏళ్ళ తరబడి నిలుస్తుంది, సముద్రాలు దాటుతుంది. కల్లు ఊరు దాటడమే కష్టం. హైదరాబాదులో 2004లో మూసిన కల్లు దుకాణాలను 2014లో మళ్ళీ తెరిచారు. నగరం అడిగినంత కల్లు ఇవ్వడానికి నగరంలో తాళ్ళేవి? చెట్టు ఇవ్వలేనిదాన్ని మందుల సంచి ఇచ్చింది. క్లోరల్ హైడ్రేటు, డయాజిపాం, అల్ప్రజోలాం కలిసిన తెల్లనీళ్ళకు కల్లన్న పేరు పెట్టారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీకల్లు పలువురి ప్రాణాలు తీసింది. పాపం ఎవరిదో గాని, అపకీర్తి మాత్రం కోదాడ పొలంగట్ల మీది చెట్టుకూ, దానిని ఎక్కేవాడికీ వచ్చింది.

ఇటలీలోనూ ఇటువంటి ఘోరం జరిగింది. 1986లో మిథనాల్ కలిపిన చౌక ద్రాక్షాసవం తాగి ఇరవైమందికి పైగా చనిపోయారు. ఎగుమతులు కూలిపోయాయి. వారు ద్రాక్షతీగలను నరకలేదు. తనిఖీలు బిగించారు, 1992లో కొత్త చట్టం తెచ్చి ఊరిపేరు వాడుకునే నియమాలను కట్టుదిట్టం చేశారు. పేరు చెప్పుకోగలవాడు బతికాడు.

మద్యం వల్ల సంసారాలు కూలుతాయనే వారి మాట కొట్టివేయదగినది కాదు. 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు, 1993లో సారా నిషేధం వచ్చింది. వారి కోపం న్యాయమైనది. ఆ ప్రశ్న కల్లుకూ కొంత వర్తిస్తుంది. కాని గుత్తేదారు ఎక్కడినుండో తెచ్చిపోసే బట్టీసారానూ, చెట్టు ఇచ్చిన మేరకే దొరికే కల్లునూ ఒకే గాటన కట్టడం వివేకం కాదు.

2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డున నీరా కేఫ్ తెరిచారు. 2024 జూలైలో చెట్టు మీదనుండి పడిపోకుండా కాపాడే 'కాటమయ్య రక్షణ కవచం' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. రెండూ మంచి పనులే, రెండవది మరింత మంచిది. నేను కోరేది మూడవది: ఈ కల్లు ఏ ఊరిది, ఎవరు గీచినది, ఏ పూట దింపినది అని మూడు ముక్కలు ప్రతి దుకాణం ముందర పలక మీద వ్రాయాలి. వ్రాయలేనివాడు అమ్మరాదు. అప్పుడు ఎన్ని చెట్లున్నాయో అంతే కల్లుంటుంది. అమ్మకం పెంచాలంటే చెట్లు పెంచక తప్పదు.

అనంతగిరి అన్న పేరు పలక మీదికి ఎక్కాలంటే ముందు గట్టు మీద తాడిచెట్టు నిలవాలి. విజ్ఞులైన బ్లాగ్మిత్రులు, ముఖ్యంగా కల్లును నిరసించేవారు, తమ అభిప్రాయం నిర్మొహమాటంగా తెలుపగలరు.